సంస్థలో ప్రాతినిధ్యపు లోటును కొలవడం, సరిదిద్దడం

ఒక వర్గానికి సంస్థలో దక్కవలసిన చోటు దక్కిందా లేదా అన్నది తేల్చాలంటే, ముందు దేనితో పోల్చాలో నిర్ణయించుకోవాలి. మొత్తం జనాభాతో పోల్చడం సులువే గానీ, ఆ ఉద్యోగానికి అర్హులైనవారిలో ఆ వర్గం వాటా ఎంతో చూసినప్పుడే సంస్థ బాధ్యత ఎంతవరకో తెలుస్తుంది. అయితే అర్హత సంపాదించుకునే అవకాశమే అందనివారు ఉన్నచోట జనాభా లెక్కనూ వదలకూడదు.

అర్హుల్లో 25 శాతం ఉన్న వర్గం నుంచి 200 మంది ఉద్యోగుల్లో 30 మందే ఉన్నారనుకుందాం. వారి వాటా 15 శాతం. దాన్ని 25తో భాగిస్తే 0.6 వస్తుంది. సమాన ప్రాతినిధ్యం ఉంటే 1 రావాలి. మనుషుల లెక్కలో ఇది 20 మంది లోటు. నివేదికలో ఈ అంకెను తప్పక రాయండి, 0.6 చూసి పేజీ తిప్పేసేవారు కూడా 20 మంది అంటే ఆగుతారు.

లోటు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే దరఖాస్తు, షార్ట్‌లిస్టు, ఇంటర్వ్యూ, పదోన్నతి, రాజీనామా ఇలా ఒక్కో మెట్టు దగ్గర విడిగా లెక్క తీయాలి. 1000 దరఖాస్తుల్లో ఈ వర్గానివి 240 ఉండి, షార్ట్‌లిస్టులోని 200 మందిలో వీరు 36 మందే అయితే, వీరిలో 15 శాతం, మిగతావారిలో సుమారు 21.6 శాతం ముందుకు వెళ్లారన్నమాట. ఆ రెంటి నిష్పత్తి సుమారు 0.7. అమెరికాలో 1978 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఇది ఐదింట నాలుగు వంతులకంటే, అంటే 0.8 కంటే తగ్గితే ఆ వడపోతను ప్రశ్నించాలి. ఇంటర్వ్యూలో ఆ 36 మందిలో ఆరుగురు, మిగతా 164 మందిలో 34 మంది ఎంపికైతే నిష్పత్తి 0.8 దగ్గర నిలుస్తుంది. ఆ 40 ఉద్యోగాల్లో ఇంకొక్కటి వీరికి దక్కితే చాలు, వీరికీ మిగతావారికీ మధ్య తేడా దాదాపు మాయమవుతుంది. ఇంత చిన్న సంఖ్యలపై తీర్పు చెప్పకుండా కొన్నేళ్ల లెక్కలు కలిపి చూడండి.

విభాగాలవారీగా కూడా విడదీయాలి. 1973లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయపు పోస్టుగ్రాడ్యుయేట్ ప్రవేశాల్లో పురుషుల్లో 44 శాతానికి, స్త్రీలలో 35 శాతానికి సీట్లు వచ్చాయి. విభాగాలను విడివిడిగా చూస్తే మాత్రం స్త్రీల పట్ల అలాంటి వివక్ష కనబడలేదు. వారిలో ఎక్కువమంది సీటు దొరకడం కష్టమైన విభాగాలకు దరఖాస్తు చేశారు. అంతమాత్రాన సమస్య లేదనుకోకూడదు, అది ప్రవేశాలకంటే వెనకటి మెట్టుకు జరిగిందంతే.

లోటు పుట్టిన మెట్టు దగ్గరే చికిత్స చేయాలి. షార్ట్‌లిస్టులో అయితే ప్రమాణాలను, వాటి మార్కులను దరఖాస్తులు తెరవకముందే రాసిపెట్టండి, పేరూ చిరునామా కనబడకుండా చేసి ఇద్దరిచేత విడివిడిగా మార్కులు వేయించండి, పనికి అక్కరలేని షరతులు తీసేయండి. చేరినవారు నిలవడం లేదంటే నియామకాలు పెంచడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. వెళ్లిపోతున్నవారిని కారణం అడగాలి. వర్గాన్ని పేరు చూసి ఊహించకుండా ఎవరికి వారే చెప్పనివ్వండి. ఒకరిద్దరే ఉన్న విభాగం అంకెలను, వారెవరో బయటపడకుండా, పక్క విభాగంతో కలిపి ప్రకటించండి.