ఫొటోలో ఒకేలా కనిపించే ఈగలు: నేనెలా తేల్చుకుంటున్నానంటే

బూడిద రంగు ఈగలన్నీ ఫొటోలో ఒకటే అనిపించేవి, రంగు చూసి తేల్చడం కుదరదు, లైట్ మారితే రంగూ మారిపోద్ది. నాకు పనికొచ్చింది రెక్క మీది ఈనెలు. పైనుంచి తీసిన ఫొటో జూమ్ చేసి రెక్క కొసకెళ్లే నాలుగో ఈనె చూడండి, మామూలు ఇంటి ఈగ మస్కా డొమెస్టికాకి అది ఒక్కసారిగా మూల తిరిగి ముందుకి వంగిపోద్ది, ఫానియా అనే రకం ఈగకి వంపే లేకుండా తిన్నగా పోద్ది, మస్సినా అనే రకానికి మెల్లగా వంగుద్ది. కుట్టే ఈగ స్టోమాక్సిస్‌కి ఈనెతో కూడా పని లేదు, సూదిలాంటి మూతి తల కిందనుంచి ముందుకి పొడుచుకొచ్చి ఉంటది.

నీలం ఈగలే అసలు కష్టం. కాలిఫోరా విసినా, కాలిఫోరా వామిటోరియా పైనుంచి చూస్తే దాదాపు ఒకటే, పక్కనుంచి మొహం తీయాల్సిందే. విసినాకి బుగ్గల ముందుభాగం నారింజ రంగు, వామిటోరియాకి బుగ్గలు నల్లగా ఉండి నారింజ వెంట్రుకలు గడ్డంలా ఉంటాయి, చాలా అందంగా ఉంటది కూడా.

అందుకే ఇప్పుడు ప్రతి ఈగకీ పైనుంచొకటి, పక్కనుంచొకటి, ఎదురుగా ఒకటి తీస్తున్నా. ఆకుపచ్చగా మెరిసే లూసిలియాలకి మాత్రం చాలాసార్లు ప్రజాతి పేరు దగ్గరే, అంటే ఉత్త లూసిలియా అని రాసి ఆపేస్తా, వాటిని విడదీయాలంటే సన్న వెంట్రుకలు లెక్కపెట్టాలి, ఫొటోలో అవి అందవు, ఊహించి పేరు రాయడం నాకిష్టం లేదు.