ఒంగోల్లోనో నెల్లూర్లోనో కాపురం పెట్టే ముందు అక్కడుండే వాళ్ళని ఏం అడగాలి, ఎలా అడగాలి

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏళ్ళ తరబడి ఉండి, ఇంక చాలు మన వైపు వెళ్ళిపోదాం అనుకునే వాళ్ళు ఈమధ్య చాలామంది కనపడుతున్నారు, కొందరికి ఇంట్లోంచే పని, కొందరికి అమ్మానాన్న పెద్దవాళ్ళయ్యారు, కొందరికి ఆ ట్రాఫిక్‌లో తిరిగి తిరిగి విసుగొచ్చేసింది. వాళ్ళు అడిగేది ఒకటే, "ఒంగోలు బాగుంటదా, నెల్లూరు బాగుంటదా" అని. నేనుండేది ఒంగోల్లో, మా అక్కావాళ్ళు నెల్లూర్లో, రెండూళ్ళూ నాకు ఇష్టమే, కానీ దీనికి ఊరంతటికీ కలిపి ఒక జవాబు చెప్పటం కుదరదు. 2011 లెక్కల్లో ఒంగోలు జనాభా 2 లక్షల పైచిలుకు, నెల్లూరు సుమారు 5 లక్షలు, ఇంత చిన్న ఊళ్ళల్లో కూడా ఒక బజారుకీ (మా వైపు వీధిని బజారనే అంటాం) పక్క బజారుకీ బోరు నీళ్ళ రుచి మారిపోయిద్ది, వానొస్తే ఒకటి మునిగిద్ది ఇంకోటి మునగదు. కాబట్టి ముందు బజారు అనుకోండి, ఆ తర్వాత ఆ బజార్లో వాళ్ళని అడగండి.

ఎవర్ని అడగాలి అనేది సగం పని. సొంతిల్లు ఉన్నాయన తన బజారుని తక్కువ చేసి చెప్పడు, స్థలం రేటు పడిపోయిద్దని భయం, బ్రోకర్ సంగతి సరేసరి. అద్దెకుండే వాళ్ళని అడగండి, అందులోనూ పగలంతా ఇంట్లో ఉండే ఆడవాళ్ళని అడగండి, పంపు ఎప్పుడొచ్చింది, కరెంటు ఎప్పుడు పోయింది, దోమలు ఏ టైముకి మొదలయ్యాయి ఇవన్నీ వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఇస్త్రీ బండి ఆయన్ని కూడా అడగండి, ఏ ఇల్లు ఎందుకు ఖాళీ అయిందో ఆయనకి తెలుసు. నీళ్ళ ట్యాంకర్ తోలే వాళ్ళు ఇంకా నయం, ఎండాకాలం ఏ బజారుకి ఎన్ని ట్రిప్పులు తోలారో ఠక్కున చెప్పేస్తారు.

అడిగే పద్ధతి కూడా ఉంది. "ఇక్కడ ఎలా ఉంటదండీ" అంటే "బాగానే ఉంటదండి" అనేసి ఊరుకుంటారు, కొత్తవాళ్ళ ముందు ఊరి గురించి తప్పుగా మాట్లాడటం మనోళ్ళకి ఇష్టం ఉండదు. జరిగినదాని గురించి అడగండి. పోయిన మే నెల్లో మీకు పంపు ఎన్ని రోజులకొకసారి వచ్చింది, ట్యాంకర్ తెప్పించుకున్నారా, నవంబర్ వానలప్పుడు బండి ఎక్కడ పెట్టుకున్నారు, రాత్రిపూట పిల్లోడికి జొరమొస్తే ఏ ఆసుపత్రికి తీసకపోయారు, అక్కడ డాక్టర్ ఉన్నాడా. ఇలా అడిగితే మనిషి ఆలోచించి చెప్తాడు, ఒకటి చెప్పబోయి నాలుగు చెప్తాడు.

అన్నిటికంటే ముందు నీళ్ళు. ఒంగోలుకి సాగర్ కుడి కాలవ నీళ్ళు రామతీర్థం రిజర్వాయర్ మీదుగా రావాలి, వాటిని సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపుకుని ఊరికి వదులుతారు, కాలవ కట్టేశారంటే మళ్ళీ వదిలేదాకా ఆ ట్యాంకుల్లో ఉన్నవే గతి. గుండ్లకమ్మ ప్రాజెక్టు ఉందిగా అంటారు, నిజమే, ఒంగోలు తాగునీళ్ళు కూడా దాని లెక్కలో ఉన్నవే, కానీ 2022 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబర్ తుఫానప్పుడు ఇంకో గేటు పోయింది, నిండుగా ఉన్న నీళ్ళు కళ్ళ ముందే సముద్రంలోకి పోయాయి, ఆ బాధ ఇప్పటికీ మా వాళ్ళ మాటల్లో ఉంటది. చాలా బజార్లలో పంపు రోజూ రాదు, అందుకే ఒంగోల్లో ఇల్లు చూసేటప్పుడు గదులు తర్వాత, సంపు ముందు. సంపు ఎంత లోతుంది, ఎన్ని ఇళ్ళ మధ్య ఒకటి, మోటరు స్విచ్ ఎవరి చేతిలో ఉంటది, రెండో అంతస్తు దాకా నీళ్ళు ఎక్కుతాయా అని అడగాలి. నెల్లూరు పెన్న ఒడ్డున ఉన్న ఊరు, పైన సోమశిల ప్రాజెక్టు ఉంది, మా అక్క అయితే "మాకు నీళ్ళకి అంత కరువు లేదు, దోమలతోనే ఛస్తా ఉండాం" అంటది.

బోరు నీళ్ళు ఎట్లా ఉన్నాయో మీరే చూసుకోవచ్చు. ఖాళీ ఇంట్లోకి వెళ్ళినప్పుడు హాల్లో ఫాల్స్ సీలింగ్ వైపు చూడకుండా నేరుగా బాత్రూంలోకి వెళ్ళి కుళాయి మూతి చూడండి, సున్నం రాసినట్టు తెల్లగా పొర కట్టి ఉంటే, షవర్ బొక్కలు సగం మూసుకుపోయి ఉంటే అవి బాగా ఉప్పు నీళ్ళు, సబ్బు రుద్దినా నురగ రాదు, గీజర్ కాయిల్ ఎక్కువ కాలం ఉండదు, జుట్టు అట్టలు కట్టిద్ది. పక్కింటామెని ఒక్క మాట అడగండి, "బోరు నీళ్ళకి కందిపప్పు ఉడుకుతుందామ్మా" అని. ఉడకదు, క్యాన్ నీళ్ళే పోస్తాం అందంటే వంటకీ తాగటానికీ అన్నిటికీ 20 లీటర్ల క్యాన్లే కొనాలి, ఆ ఖర్చు అద్దెలో కలిపి లెక్కేసుకోండి.

రెండోది వాన. హైదరాబాద్ నుంచి వచ్చే వాళ్ళు జులై ఆగస్టుల్లో వచ్చి చూసి, అక్కడ వానలు పడుతున్నా ఇక్కడ రోడ్లు పొడిగా ఉన్నాయే అని సంబరపడతారు. మన రెండు జిల్లాల కోస్తాకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు, పైగా తుఫాన్లు. 2010 మే నెల్లో లైలా వచ్చినప్పుడు ఒంగోలు ఎట్లా మునిగిందో ఇక్కడ పెద్దవాళ్ళు ఎవర్నడిగినా చెప్తారు, పోతురాజు కాలవ పక్కనుండే వాళ్ళనైతే తప్పకుండా అడగాలి. నెల్లూర్లో 2021 నవంబర్‌లో పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీ, అవతల కోవూరు వైపు ఊళ్ళు నీళ్ళల్లో ఉన్నాయి, పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి, హైవే మీద కూడా బండ్లు ఆగిపోయాయి. నది పక్కన చల్లగా ఉంటదని ఇల్లు తీసుకునే ముందు ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరున్నారో కనుక్కుని, నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో గోడ మీద చేత్తో చూపించమనండి.

ఇంకోటి చాలామంది గమనించరు. పాత కాలనీల్లో సిమెంటు రోడ్డు మీద మళ్ళీ రోడ్డు వేసి వేసి రోడ్డు ఎత్తయిపోయింది, ఇల్లు పల్లమైపోయింది. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వరండాలోకి వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్తున్నారు. గేటు దగ్గర నిలబడి చూడండి, రోడ్డు మీద నుంచి ఇంట్లోకి దిగాల్సి వస్తే ఆ కింద ఇల్లు వద్దు, అద్దె ఎంత తక్కువైనా వద్దు, మురిక్కాలవ నీళ్ళు మంచం కాళ్ళ దాకా వచ్చాక ఆ ఇల్లు ఎంత కడిగినా వాసన పోదు. సాయంత్రం ఆరింటప్పుడు ఆ బజార్లోనే ఒక పావుగంట నిలబడండి, కాలవలు పారుతున్నాయా నిలిచిపోయాయా దోమలే చెప్తాయి.

ఆసుపత్రుల విషయంలో ఊరి పేరు చూసి నిర్ణయానికి రావద్దు, మీ ఇంట్లో ఎవరికి ఏం జబ్బుందో దాన్ని బట్టి చూడండి. ఒంగోల్లో అందరూ రిమ్స్ అనే ప్రభుత్వాసుపత్రి ఉంది, నెల్లూర్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, ప్రైవేటు ఆసుపత్రులు పొగతోట చుట్టుపక్కల బోలెడు, ఈ ఒక్క విషయంలో నెల్లూరే మేలని ఒంగోలు వాళ్ళు కూడా ఒప్పుకుంటారు. ఒంగోల్లో పెద్ద కేసయితే గుంటూరో విజయవాడో పంపిస్తారు, నెల్లూరు వాళ్ళు చెన్నై పోతారు, హైవే మీద 175 కిలోమీటర్లు. నాన్నకి డయాలసిస్ ఉంటే ఏ ఆసుపత్రిలో వారానికెన్ని స్లాట్లు దొరుకుతాయో, గుండె డాక్టర్ రాత్రిళ్ళు ఊర్లోనే ఉంటారో లేదో ముందే అడిగి పెట్టుకోండి. ఇది మాత్రం అదే జబ్బుతో తిరుగుతున్న ఇంటివాళ్ళని అడిగితేనే సరిగ్గా తెలిసిద్ది.

సంపాదన దగ్గర ఊర్లో కుర్రోళ్ళు చెప్పేది వినండి. ఇక్కడే ఉండి మంచి జీతం రావాలంటే కష్టం, ఈ మాట దాచి లాభం లేదు. ఒంగోలు పొగాకు మీద, చీమకుర్తి గ్రానైట్ మీద, నెల్లూరు వరి మీద, రొయ్యల చెరువుల మీద, కృష్ణపట్నం పోర్టు మీద నడిచే ఊళ్ళు. పొగాకు వేలంలో రేటు బాగా పలికిన ఏడు బట్టల కొట్లు కిటకిటలాడతాయి, ప్లాట్ల రేట్లు లేస్తాయి, రొయ్య రేటు పడిందంటే నెల్లూర్లో అప్పులిచ్చినోళ్ళ దగ్గర్నుంచి కూరగాయల కొట్టు దాకా అందరికీ తెలిసిపోయిద్ది. ఇక్కడ షాపు పెడదామనుకునే వాళ్ళు ఒక్క ఏడాది వ్యాపారం చూసి లెక్కలు వేసుకోకండి, పాత కొట్ల వాళ్ళని చెడ్డ ఏడాది గురించి అడగండి. జీతం వేరే ఊరి నుంచి వచ్చే వాళ్ళకైతే నిజంగా హాయి, అదే డబ్బుకి ఇక్కడ పెద్ద ఇల్లు వచ్చిద్ది, ఆఫీసు టైమూ ఇంటి టైమూ మధ్య రోడ్డు మీద పోయే గంటలన్నీ మిగులుతాయి.

అందరూ ఇష్టంగా చెప్పేదీ, అందరూ విసుక్కునేదీ ఒకటే ఉంది, మనుషులు. మా బజార్లో ఒక పెద్దాయన రాత్రి పోతే తెల్లారేలోపు టెంటు వేసేశారు, టీలు ఎవరో పంపారు, ఊర్నించి వచ్చే బంధువుల కోసం స్టేషన్‌కి బండ్లు ఎవరో తీసకపోయారు, ఆ ఇంటి పిల్లోడు అమెరికా నుంచి వచ్చేసరికి వాడు చేయాల్సింది ఏమీ మిగల్లేదు, నాన్న పక్కన కూర్చుని ఏడవటం తప్ప. ఇది డబ్బిచ్చి కొనుక్కునేది కాదు. అదే బజార్లో డిగ్రీ చదివే అమ్మాయి ఫ్రెండ్‌తో కాఫీ తాగుతుంటే ఇంటికొచ్చే లోపే వాళ్ళమ్మకి ఫోనొచ్చేసిద్ది. "సేఫ్టీ ఉంది అక్కా, కానీ ఊపిరాడదు" అని ఆ పిల్ల అన్న మాట నేను ఎంతోమందికి చెప్పాను. పదిహేనేళ్ళు దాటిన ఆడపిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళ అభిప్రాయం తప్పకుండా అడగండి, నాన్నకి నచ్చింది కదాని తెచ్చి పెట్టేయొద్దు. ఇంకోటి, ఇల్లు అద్దెకి అడిగితే "మీరెవరండీ" అని కులం అడుగుతారు, మాంసం వండుతారా అని అడుగుతారు. నాకు ఇది అస్సలు నచ్చదు, మారాలని గట్టిగా కోరుకుంటాను, కానీ ఉందని తెలిసి రావటం మంచిది, అలా అడగని ఓనర్లు కూడా చాలామందే ఉన్నారు, వాళ్ళ గురించి ఆ బజారు వాళ్ళే చెప్తారు.

రాకపోకలకి పెద్ద ఇబ్బంది లేదు. విమానాశ్రయం మాత్రం రెండూళ్ళకీ లేదు, ఒంగోలు వాళ్ళకి గన్నవరం, నెల్లూరు వాళ్ళకి రేణిగుంట, లేదా చెన్నై. రైళ్ళు బోలెడు, 2023లో మొదలైన సికింద్రాబాద్-తిరుపతి, విజయవాడ వైపు నుంచి చెన్నై పోయే వందేభారత్‌లు రెండూ రెండూళ్ళల్లో ఆగుతాయి. నెలకోసారి హైదరాబాద్ ఆఫీసుకి పోవాల్సిన వాళ్ళు ఆదివారం రాత్రి టికెట్ మాత్రం బుకింగ్ తెరిచిన రోజే చేసుకోవాలి. నెల్లూర్లో దర్గామిట్ట వైపు ఇల్లు చూస్తుంటే మొహర్రం టైములో బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, ఆ రోజుల్లో బండి బయటికి తీయటం కష్టమని అక్కడి వాళ్ళు చెప్తారు, కానీ స్వర్ణాల చెరువు దగ్గర రొట్టె మార్చుకోవటానికి హిందువులు ముస్లింలు అని లేకుండా నిలబడే ఆ జనాన్ని చూశాక దాన్ని ఇబ్బంది లెక్కలో వేయబుద్ధి కాదు. తిండి గురించి చెప్పక్కర్లేదు, మామిడికాయ వేసిన చేపల పులుసూ, ఉలవపాడు సపోటాలూ, అల్లూరయ్య మైసూర్‌పాకూ ఉన్న చోట ఆ లోటు రాదు.

ఇన్నీ అడిగాక కూడా వెంటనే ఇల్లు కొనొద్దు. ముందు 11 నెలల అగ్రిమెంట్‌తో అద్దెకి దిగండి, అదీ సెప్టెంబర్ ప్రాంతంలో దిగితే నవంబర్ వానలూ చూస్తారు, రోహిణి కార్తె ఎండలూ చూస్తారు, రెండూ అదే ఇంట్లో. ఇల్లు వెతకటానికి మాత్రం ఒకసారి మే నెల్లో రండి, మిట్టమధ్యాన్నం పై అంతస్తు గదిలో ఫ్యాన్ కింద కాసేపు కూర్చుంటే ఆ స్లాబు సంగతి తెలిసిపోయిద్ది. అగ్రిమెంట్ రాసేటప్పుడు అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఎంత పట్టుకుంటారు అని అందరూ అడుగుతారు, మీరు దాంతోపాటు ఎండాకాలం ట్యాంకర్ ఖర్చు ఎవరిదో, బోరు మోటరు కాలిపోతే ఎవరు చేయించాలో కూడా కాయితం మీద రాయించండి. నోటిమాట చాలులే అని ఓనర్ దాటేస్తుంటే, పైన ఉండే అద్దెవాళ్ళని పోయిన మే నెల ట్యాంకర్ డబ్బులు ఎవరు కట్టారో అడిగి, అప్పుడు సంతకం పెట్టండి.