ఇంగ్లండులో చైల్డ్‌మైండర్ అవుతారా? ముందు మీ ఇంట్లో మనుషులను లెక్కపెట్టండి

పోయిన నెల ఒక చెల్లెలు ఫోన్ చేసింది. చైల్డ్‌మైండర్ అవుతుందట, అంటే డబ్బు తీసుకుని తన ఇంట్లోనే ఇతరుల పిల్లలను చూసుకునే పని. ఇద్దరు పిల్లలు పట్టే తోపుడు బండి, ఎత్తు కుర్చీలు, బొమ్మలు, అన్నీ క్రెడిట్ కార్డు మీద కొనేసిందట. "గవర్నమెంటు ఆరువందల పౌండ్లు ఇస్తుంది కదక్కా!" అంది. చైల్డ్‌మైండర్లను నమోదు చేసి తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌కు దరఖాస్తు పెట్టావా అంటే, ఇంకా లేదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత సందేశం చదివి బజారుకు బయల్దేరింది.

ఆ డబ్బు కథ ఇది. 2023 మార్చి 15 బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ తేదీ నుంచి ఇంగ్లండులో కొత్తగా నమోదైనవారికి, ఆఫ్‌స్టెడ్‌లో నేరుగా అయితే 600 పౌండ్లు, ఆఫ్‌స్టెడ్‌కు బదులుగా నమోదు చేసే చైల్డ్‌మైండర్ ఏజెన్సీ ద్వారా అయితే 1,200. రెట్టింపు అని ఏజెన్సీకి పరుగెత్తకండి. వాళ్ళ ఫీజులు ఎక్కువ కాబట్టే ఆ రెట్టింపు. పైగా అది గడువు పెట్టి నడిపిన పథకం. మీరు దరఖాస్తు చేసే నాటికి తెరిచి ఉందో లేదో గవర్నమెంటు సైటులో చూశాకే లెక్కలు వేయండి. కొన్ని కౌన్సిళ్ళు విడిగా సాయం చేస్తాయి, అదీ అడగండి. వేల్స్, స్కాట్లండు పద్ధతులు వేరు.

ఇంకొక మాట: ఆ గ్రాంటు నమోదు పూర్తయ్యాకే. పిల్లల ఫస్ట్ ఎయిడ్ కోర్సు, డీబీఎస్ తనిఖీ (నేరచరిత్ర ఉందేమో చూసేది), బీమా, అన్నీ ముందు మీ జేబులోంచే.

కోర్సులూ ఫారాలూ మీరే చూసుకోగలరు, చదువుకున్నవారే కదా. నా గోలంతా ఒక్కటే: ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు? పదహారేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ తనిఖీ జరగాలి. మీకొక్కరికే కాదు, మీ ఆయనకు, కాలేజీకి వెళ్ళే అబ్బాయికి, పై గదిలో అద్దెకు పెట్టుకున్న కుర్రాడికి కూడా. మన ఇళ్ళ సంగతి తెలిసిందేగా! గుంటూరు నుంచి అత్తగారూ మామగారూ ఆరు నెలలకని వస్తారు. "చుట్టాలే కదా, వీళ్ళకేం తనిఖీ" అని మీరు అనుకుంటారు. ఆరు నెలలు ఉండేవారిని చుట్టాలంటే ఆఫ్‌స్టెడ్ ఎందుకు నమ్మాలి? టికెట్లు కొనకముందే రాసి అడగండి, జవాబు దాచుకోండి. దాచి దొరికితే పోయేది గ్రాంటు కాదు, మీ నమోదు.

నా అనుభవం చెబుతాను. మేము వచ్చి అప్పటికి రెండేళ్ళు. గత ఐదేళ్ళలో వేరే దేశంలో ఉన్నవారు అక్కడి పోలీసు ధ్రువపత్రం కూడా తేవాలన్నారు. పాస్‌పోర్టులో పాత హైదరాబాదు చిరునామా ఉంది. ధ్రువపత్రం కోసం విచారణకు వచ్చిన పోలీసాయన అక్కడికే వెళ్ళాడు. అద్దెకున్నవాళ్ళు "ఆవిడెవరో మాకు తెలియదండీ" అన్నారు. నిజమే, వాళ్ళకు నేను తెలియదు! ఆ ఒక్క మాటతో మూడు నెలలు పోయాయి. ఈలోగా ఒక స్నేహితురాలు, "మా పాపను చూసుకో, చేతికి డబ్బిస్తాను" అంది. ఒప్పుకోబోయాను. ఎనిమిదేళ్ళలోపు బిడ్డను డబ్బు తీసుకుని మన ఇంట్లో రోజుకు రెండు గంటలకు మించి చూసుకోవాలంటే నమోదు తప్పనిసరి అని ఆ సాయంత్రమే తెలిసింది. స్నేహితురాలు నొచ్చుకుంది. నొచ్చుకోనివ్వండి.

మీ వీసా సంగతి కూడా చూసుకోండి. విద్యార్థి వీసా మీద సొంత పని చేయకూడదు.

ఇంత భయపెట్టాక చెప్పకపోతే బాగుండదు: ఆ ధ్రువపత్రం వచ్చింది, నమోదూ అయింది, ఆరువందలూ ఖాతాలో పడ్డాయి. మెట్ల దగ్గర అడ్డుగేటూ, పొయ్యి చుట్టూ కంచే కొన్నాను. తోపుడు బండి మాత్రం, ఆ చెల్లెలు వెనక్కి ఇచ్చేయబోతే నేనే సగం ధరకు తీసుకున్నాను.