వానకాలంలో లక్నవరం, బొగత పోతున్నారా? ముందు వాగు సంగతి తెలుసుకోండి

జూలై వచ్చిందంటే ఆదివారం పొద్దున్నే హన్మకొండ నుంచి కార్లన్నీ ములుగు దారి పడతాయి. లక్నవరంలో వేలాడే వంతెన, దీవుల మీద కాటేజీలు, బోటు షికారు. ఇంకా ముందుకు పోతే తాడ్వాయి అడవి, వాజేడు దగ్గర బొగత జలపాతం. పోవద్దని నేననను, ఆ అడవి అందమంతా వానకాలంలోనే. కాకపోతే అక్కడ ఎలుగుబంటి కన్నా ముందు భయపడాల్సింది నీళ్ళకు.

మన నెత్తిన చినుకు లేదు కదా అని వాగులో దిగుతారు. వాగుకు మన నెత్తి మీది మబ్బుతో పని లేదు, పైన కొండల్లో కురిస్తే చాలు. 2023 జూలైలో వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడబోయినవాళ్ళు తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వచ్చి వాళ్ళను బయటికి తేవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది.

అందుకే నీళ్ళ దగ్గర కూర్చున్నంతసేపూ ఒకరి కన్ను ప్రవాహం మీదే ఉండాలి. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాన్ల కోసం ఆగకుండా పైకెక్కండి. ఎక్కేది మీ బండి ఉన్న ఒడ్డుకే. అవతలి గట్టెక్కితే రాత్రంతా అక్కడే ఉండాల్సి రావచ్చు. రోడ్డు మీదుగా వాగు పారుతుంటే ముందు బండి దాటింది కదా అని మీరు దాటకండి. రెండడుగుల ప్రవాహం కారును కూడా తోసేస్తుంది.

లక్నవరం కాకతీయుల కాలపు చెరువు. కొండల మధ్య సందులకు కట్టలు వేసి నీళ్ళు నిలిపారు. మనం దీవులంటున్నవి మునిగిన గుట్టల కొనలు. కాబట్టి ఒడ్డు నుంచి మెల్లగా లోతు పెరుగుతుందనుకుంటే పొరపాటు, రెండడుగులు వేస్తే కాలికి నేల అందకపోవచ్చు. ఈతొచ్చినా దిగొద్దు. బోటులో లైఫ్ జాకెట్ మెడలో వేసుకుని వదిలేస్తే లాభం లేదు, బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. పిల్లలకు వాళ్ళ సైజుదే అడగండి. ఉరుము వినబడితే బోటు, వంతెన రెండూ వదిలి గదిలోకి పోవాలి.

చెరువు మత్తడి (అలుగు) దుంకుతుంటే చూడముచ్చటే, కానీ ఆ రాళ్ళ మీద పాకురు ఉంటుంది. సెల్ఫీ ఒడ్డు మీద నుంచే తీసుకోండి.

రాత్రి ఉండేవాళ్ళకు పాముల సంగతి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళను కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు. తెల్లారి కడుపునొప్పి వచ్చినా, రెప్పలు వాలిపోతున్నా గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు. మంచం మీదో, జిప్ పూర్తిగా మూసిన టెంట్‌లోనో పడుకోండి. టార్చి లేకుండా బయటికి అడుగు పెట్టొద్దు, బూట్లు దులిపి తొడుక్కోండి. కరిచిందంటే తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, మంత్రం కోసం తిరగడం ఏదీ వద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా కట్టు కట్టి, మనిషిని నడిపించకుండా 108లోనో ఉన్న బండిలోనో పెద్ద సర్కారు దవాఖానకు తీసుకుపోండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ దొరుకుతుంది.

పెద్ద చెట్లకు తేనెపట్లు ఉంటాయి. వాటి కింద పొయ్యి వెలిగించొద్దు, పొగకు ఈగలు లేస్తాయి. లేచాయంటే ముఖం కప్పుకుని కారులోకి పరుగెత్తండి. నీళ్ళలో దూకితే తల ఎత్తేదాకా పైనే తిరుగుతుంటాయి. కోతులకు ఏమీ పెట్టకండి, తినే కవర్లు చేతిలో కనబడనివ్వకండి.

అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. ఎటు పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి. చీకటి పడేలోపు అడవి దాటండి. వరద ఎక్కువైనప్పుడు అటవీ శాఖ బొగత గేటు మూసేస్తుంది. అప్పుడు పక్కదారి చూపిస్తామనేవాళ్ళ వెంట పోకండి. వెనక్కి వచ్చేటప్పుడు పాలంపేట రామప్ప గుడి ఉంది, 2021లో యునెస్కో గుర్తింపు పొందింది. ఆ పూట అక్కడ గడపండి.