ఆదివారం మా చర్చికి మొదటిసారి వస్తున్నారా?

పాలమూరులో మా చర్చి గుమ్మం దగ్గర ఆదివారం పూట నిలబడి అందరికీ వందనాలు చెప్పే డ్యూటీ నాది. కొత్తవాళ్లను ఇట్టే గుర్తుపడతాను. చెప్పులు విప్పాలా వద్దా అని అటూ ఇటూ చూస్తుంటారు. మా దగ్గర విప్పాలి.

టైమ్ పది గంటలు. పాట పదికే మొదలవుతుంది గానీ, పల్లెల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు పదకొండు దాకా వస్తూనే ఉంటారు. ఆలస్యమైందని గేటు దగ్గర్నుంచే మళ్లిపోకండి. అయిపోయేసరికి ఒంటిగంట. షుగర్ ఉన్నవాళ్లు టిఫిన్ చేసే రండి.

లోపల ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. జంటగా వచ్చినా విడిపోవాల్సిందే. ముందు జంపఖానాలు, వెనక కుర్చీలు. మోకాళ్ల నొప్పులుంటే మొహమాటపడకుండా వెనక్కి వెళ్లండి. ప్రార్థనప్పుడు ఆడవాళ్లు కొంగో చున్నీయో తల మీద వేసుకుంటారు. మీరు వేసుకోకపోతే ఎవరూ ఏమీ అనరు. మా పెద్దమ్మలు ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూస్తారు, అంతే.

మొదటి గంటంతా పాటలే. పాత కీర్తనకు నంబర్ చెప్పగానే పక్కనున్న పెద్దామె తన పుస్తకం మీ ఒళ్లో పెడుతుంది. తీసుకోండి, ఆమెకు అన్నీ నోటికొచ్చు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే, గట్టిగా, ఎవరి మాటల్లో వాళ్లు ప్రార్థన మొదలుపెడతారు. కొందరు ఏడుస్తారు. కొత్తవాళ్లకు టెన్షన్ వచ్చేది ఇక్కడే. ఏమీ కాలేదు. కొడుకు ఉద్యోగం, భర్త ఆపరేషన్, తీరని అప్పు, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనివన్నీ అక్కడ బయటికొస్తాయి. కాసేపటికి అయ్యగారి (అంటే పాస్టర్) గొంతు పైకి లేస్తుంది, మిగతా గొంతులు ఒక్కొక్కటే తగ్గుతాయి, ఆమెన్. ఆరాధన మొత్తంలో నాకు ఇష్టమైంది ఇదే.

ప్రకటనలప్పుడు "కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడండి" అంటారు. పేరు, ఊరు చెప్తే చాలు, చప్పట్లు కొడతారు. నన్నడిగితే ఈ పద్ధతి మానేయాలి, మా సంఘ పెద్దలేమో ఒప్పుకోరు. లేవడం ఇష్టం లేకపోతే గుమ్మం దగ్గరే నాతో చెప్పండి, అయ్యగారికి చీటీ పంపిస్తాను.

వాక్యం, అంటే అయ్యగారి ప్రసంగం, ముప్పావు గంటకు తక్కువ కాదు. బైబిల్లో 66 పుస్తకాలుంటే, కొత్త నిబంధనవి 27 చివర్లో ఉంటాయి. సువార్తలు అందులోవే, ఆ మాట వినపడితే ముందు నుంచి వెతకకండి. కానుకల సంచి వచ్చినప్పుడు వేయాలనిపిస్తే వేయండి, లేదంటే పక్కవాళ్లకు అందించండి. ఎవరూ లెక్క చూడరు.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. ఆ రొట్టె, ద్రాక్షరసం బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే. మాది మెనోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం. 1889లో రష్యా నుంచి వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులతో మా సంఘం కథ ఇక్కడ మొదలైంది. జడ్చర్ల మిషన్ హాస్పిటల్ కూడా మా సంఘానిదే. మేము పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. పెద్దయ్యాక నమ్మి, నీళ్లలో మునిగి తీసుకోవాలి. అందుకని మా పిల్లలు కూడా పళ్లెం పక్కకు జరిపేస్తారు, మీరూ అలాగే చేయండి. ప్రసాదం కాదన్నట్టు తప్పవుతుందేమోనని భయపడొద్దు.

నల్లగొండలో క్యాథలిక్ గుడికైతే పద్ధతి వేరు. అక్కడ 1976 నుంచి మేత్రాసనం, అంటే బిషప్ ఉండే కేంద్రం, ఉంది. పూజలో లేవడం, కూర్చోవడం, మోకరించడం ఎక్కువ. వెనక వరుసలో కూర్చుంటే ముందువాళ్లను చూసి చేసేయొచ్చు.

ఆశీర్వాదం అయ్యాక అందరూ చేతులు కలుపుతారు, ఎవరో ఒకరు ఫోన్ నంబర్ అడుగుతారు. ఇస్తే ఆ వారంలోనే "మీ ఇంటికొచ్చి ప్రార్థన చేయమంటారా" అని ఫోన్ వస్తుంది. రావాలనుకుంటే ఇవ్వండి. వద్దనుకుంటే "మళ్లీ వచ్చినప్పుడు ఇస్తా" అనండి, ఎవరూ నొచ్చుకోరు.