కొలోన్ కేథడ్రల్: ఎండను బట్టి చూడాలి

జర్మనీలోని కొలోన్‌లో రైలు దిగి స్టేషన్ బయటికి వస్తే ఎదురుగా కనిపించేది కేథడ్రలే, అంటే ఆ ఊరి ప్రధాన చర్చి. దగ్గరే కదా అని సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ముందు సామాను స్టేషన్ లాకర్లో పెట్టేయండి. ప్రార్థన వేళల్లో సందర్శకుల్ని లోపల తిరగనివ్వరు కాబట్టి ఆ వేళలు ముందురోజే చూసుకోవాలి. ఆదివారం ఉదయం అసలు పెట్టుకోవద్దు. లోపల మగవాళ్లు టోపీ తీసేయాలి.

కాళ్లలో ఓపిక ఉండగానే దక్షిణ గోపురం ఎక్కేయండి. 533 మెట్లు, లిఫ్టు లేదు. ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ ఒకటే ఇరుకు మెలిమెట్ల దారి, అందుకే ఆలస్యమైన కొద్దీ మధ్యలో ఇరుక్కుపోతారు. ఆగుతూ ఎక్కి దిగడానికి గంట ఉంచుకోండి. మోకాళ్ల నొప్పి ఉంటే మానేయడమే మంచిది, దిగేటప్పుడే ఎక్కువ బాధ. సగం దారిలో 1923లో పోత పోసిన 24 టన్నుల గంట ఉంటుంది. ఊపిరి తీసుకోవడానికి అదే సరైన చోటు.

లోపలికి పడమటి ద్వారం నుంచే వెళ్లండి. నాలుగడుగులు వేసి ఆగి తల పైకెత్తండి. కప్పు 43 మీటర్ల ఎత్తున ఉంది. అంత బరువు మోస్తున్నా గోడల నిండా గాజు కిటికీలే ఉన్నాయంటే కారణం ఇదీ: కొనదేరిన కమానులూ కప్పు కింది రాతి పక్కటెముకల్లాంటి బద్దలూ ఆ బరువును స్తంభాల మీదికి దించుతున్నాయి, పక్కకి నెట్టే ఒత్తిడిని బయటి నుంచి గోడకు ఆనుకుని నిలిచే ఆనుడు కమానులు ఆపుతున్నాయి. ఇది అర్థమయ్యాక చూస్తే కట్టడమంతా కొత్తగా కనిపిస్తుంది. 1248లో మొదలైన ఈ పని పదహారో శతాబ్దంలో ఆగిపోయి, 1842లో మళ్లీ మొదలై, 1880లో పూర్తయింది.

ప్రధాన పీఠం వెనకున్న ముగ్గురు రాజుల (బాలయేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల) బంగారు పేటిక దగ్గరే అందరూ గుమిగూడతారు. ఉత్తరం వైపున్న గెరో శిలువను, అంటే శిలువ మీది క్రీస్తు కొయ్య శిల్పాన్ని మాత్రం చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు, అది నిజంగా బాధాకరం. పదో శతాబ్దపు ఓక్ చెక్క, అంటే ఈ భవనం కంటే పాతది. వాలిపోయిన తల, మూసుకున్న కళ్లు, ముందుకు వేలాడిన పొట్ట: ప్రాణం పోయిన దేహం బరువు కొయ్యలో కనిపిస్తుంది. పక్కకి జరిగి ఓ వైపు నుంచి కూడా చూడండి.

మధ్యాహ్నానికి దక్షిణపు అడ్డచావడికి, అంటే పొడవాటి హాలుకు అడ్డంగా దక్షిణం వైపు సాగిన భాగానికి చేరుకోవాలి. అక్కడి కిటికీ జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 2007లో చేసింది. బొమ్మలు లేవు, 72 రంగుల్లో 11 వేలకు పైగా చదరపు గాజుముక్కలు. ఎండ ఉంటే ఆ రంగులన్నీ రాతి స్తంభాల మీద, నేల మీద పరుచుకుంటాయి. మబ్బు పడితే కిటికీ మెరుస్తుంది గానీ నేల మీద రంగులు రావు. ఓ పది నిమిషాలు ఆగి చూడండి, మబ్బు తొలగవచ్చు. ఫ్లాష్ వాడకూడదు.

157 మీటర్ల గోపురాలు ముందున్న చౌకులో నిలబడితే ఫొటోలో పట్టవు. హోహెన్‌జోలర్న్ వంతెన నడిచి దాటి రైన్ నది అవతలి గట్టుకు వెళ్లాలి. అక్కడి నుంచి కనిపించేది తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే వెళ్లండి. సాయంత్రం సూర్యుడు కేథడ్రల్ వెనక్కి దిగిపోతాడు, ఫొటోలో నల్లటి ఆకారం తప్ప ఆనుడు కమానులు విడివిడిగా కనిపించవు.