రబ్బరు కాలిన వాసన, 3వ పాఠం: బెల్టు

గత రెండు పాఠాల్లో బ్రేకు, క్లచ్ చూశాం. తేడా మరోసారి. తిరుమల నుంచి దిగి అలిపిరిలో ఆగగానే వాసన వచ్చి, ముందు చక్రాల్లో ఒకటి రెండోదానికన్నా ఎక్కువ సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది. రెండూ ఒకేలా కాగితే తప్పు బండిది కాదు, కొండంతా బ్రేకు మీదే దింపిన కాలిది. ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరిగి బండి మాత్రం సాగకపోతే క్లచ్. ఇవేవీ కాక, బానెట్ ఎత్తగానే వాసన గుప్పుమంటే ఈ పాఠం చదవండి.

ఇంజను అడ్డంగా ఉండే చిన్న కార్లలో బెల్టు ఒక పక్కకు, ముందు చక్రం వైపు ఉంటుంది. క్రాంకు పుల్లీ, అంటే ఇంజను తిప్పే బెల్టు చక్రం, తిరిగితే ఆ బెల్టు బ్యాటరీని చార్జ్ చేసే డైనమోని, ఏసీ కంప్రెసర్‌ని, చాలా కార్లలో వాటర్ పంపునీ తిప్పుతుంది. వీటిలో ఏది బరువెక్కినా, బెల్టు వదులైనా, పుల్లీ ఒక వేగంతో బెల్టు ఇంకో వేగంతో పోతాయి. ఆ రాపిడికే వాసన. రాసుకున్న చోట రబ్బరు గాజులా నున్నబడి ఇంకా జారుతుంది. అందుకే ఈ జబ్బు తనంతట తగ్గదు.

ముందు చెవితో పరీక్ష. బండిని చదునైన చోట న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి నిలపండి. చున్నీ, కండువా తీసి పక్కన పెట్టండి. ఏసీ లేకుండా ఇంజను రెండు నిమిషాలు నడిపి, లోపల కూర్చున్నవాళ్లను ఏసీ వేయమనండి. అప్పుడే కీచుమని, రెండు మూడు క్షణాల్లో ఆగితే బెల్టు వదులు. ఆగకుండా అరుస్తూ ఇంజను ఆగిపోయేలా కుంగితే కంప్రెసర్ లోపల బిగుసుకుంది. ఏసీ ఆపేసి షెడ్డు దాకా వెళ్లొచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు: కంప్రెసర్ పుల్లీ బేరింగు పోతే ఏసీ ఆపినా ప్రయోజనం లేదు. ఏసీ వేసినా వేయకపోయినా ఆ పుల్లీ తిరగాల్సిందే, బెల్టు కాలాల్సిందే.

తర్వాత కంటితో. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని అరగంట ఆగండి. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలెడుతుంది, వేళ్లు జాగ్రత్త. టార్చి వేసి బెల్టు గాళ్ల వైపు చూడండి. ఒకే గాడి గట్టు మీద 25 మిల్లీమీటర్లలో మూడు పగుళ్లుంటే మార్చేయాలి. ఇప్పటి బెల్టులు అంత తేలిగ్గా పగలవు, గాళ్లు అరుగుతాయి. పగుళ్లు లేవు కదా అని ధీమా వద్దు. ఒక అంచే పీచు లేస్తుంటే పుల్లీలు ఒక వరుసలో లేవు. తెల్లగుడ్డతో తుడిస్తే ఆయిలో కూలెంటో అంటిందా, లీకు ఆపకుండా కొత్త బెల్టు వేయడం డబ్బు దండగ.

బిగువు చూడటానికి రెండు పుల్లీల మధ్య పొడుగాటి భాగం నడుమ బొటనవేలితో గట్టిగా, సుమారు పది కిలోల బరువు పెట్టినట్టు, నొక్కండి. చాలా కార్లలో సెంటీమీటరు అటూఇటుగా దిగాలి. మీ బండి పుస్తకంలో ఉన్న కొలతే ఖాయం. బెల్టు బిగువును తనే సర్దుకునే ఆటోమేటిక్ టెన్షనర్ ఉన్న బండికి ఈ పరీక్ష వద్దు. ఇంజను నడుస్తుండగా దాని చెయ్యి ఎగిరెగిరి పడుతుందేమో దూరం నుంచి చూడండి.

సబ్బు ముక్క రాస్తే చప్పుడు పోతుందనేవాళ్లు ఊరికొకరు ఉంటారు. చప్పుడు పోతుంది, జారుడు పెరుగుతుంది.

ఇక బిగించడం. 10 నంబరు పానాతో బ్యాటరీ నెగెటివ్ విప్పండి. డైనమో కింది ఇరుసు బోల్టు, పైన పట్టీ మీది బోల్టు వదులు చేయండి. సాధారణంగా 12, 14 పానాలు సరిపోతాయి. బిగువు సర్దే మర ఉంటే దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ వేలితో నొక్కి చూసి, రెండు బోల్టులూ బిగించేయండి. మర లేకపోతే కడ్డీతో ఎత్తాలి. కడ్డీని డైనమో నడుమ ఆనిస్తే అల్యూమినియం పగులుతుంది, బోల్టు కూర్చునే మందమైన చోట ఆనించండి. తీగలా లాగి బిగిస్తే డైనమో, వాటర్ పంపు బేరింగులు పోతాయి.

మార్చాల్సి వస్తే, విప్పేముందు బెల్టు తిరిగే దారి ఫోనులో ఫొటో తీసుకోండి. బెల్టు తీశాక ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పండి; గరగరమన్నా, ఊగినా వాసనకు కారణం అదే. పాత బెల్టు వీపు మీద నంబరు ఉంటుంది: 4పీకే855 అంటే నాలుగు గట్లు, 855 మిల్లీమీటర్ల పొడవు. కొత్తది వేసేటప్పుడు ఒక గట్టు పుల్లీ బయటికి జరిగి కూర్చోవడం మామూలు పొరపాటు; అలా నడిపితే తొందర్లోనే చీలిపోతుంది. చేత్తో తడిమి చూసుకోండి. పది నిమిషాలు నడిపి, ఆపి, బిగువు మళ్లీ చూడండి. వారం తర్వాత ఇంకోసారి.

దారిలో వాసనతో పాటు బ్యాటరీ దీపం వెలిగి, టెంపరేచర్ ముల్లు పైకెళ్తుంటే బెల్టు తెగినట్టే. వాటర్ పంపు ఆగిన ఇంజనుతో ఘాట్ ఎక్కితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగానికీ దిమ్మకీ మధ్య ఉండే సీలు) పోతుంది. మలుపులో కాకుండా వెడల్పైన చోట పక్కకు తీసి ఆపేయండి.

నాలుగో పాఠం సైలెన్సర్ గొట్టం మీద పడే ఆయిలు గురించి. ఈలోగా ఒక పని: రాత్రి బండి నిలిపాక ఇంజను కింద అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున చుక్కలుంటే అట్ట పారేయకండి, ఆ పాఠానికి అది కావాలి.